కొలిమి తలుపు సంగ్రామము

వేడిమికి వందనము! వేడి తగ్గువరకు ఆగగల మహాత్ములకు వేయి వందనములు! అయ్యలారా, అమ్మలారా, కునుకుపాట్లు మాని వినుడు. ఒకానొక మంగళవారమున, గడియారపు చిన్నముల్లు ఏడు దాటి ఎనిమిదిని ఇంకను అందుకొనని శుభముహూర్తమున, రేకుల కప్పును, సిమెంటు నేలయు, రెండు ట్యూబులైట్లును, ఒక మూల కమిలి నల్లబడిన స్విచ్చుబోర్డును గల చిన్న కార్ఖానాలో, భూమండలమున ఇంతకు మున్నెన్నడు జరుగనట్టియు, జరిగినను ఎవ్వరును పట్టించుకొననట్టియు మహాసంగ్రామ మొకటి ఆరంభమయ్యెను. దానిని చెప్పుటకు మరెవ్వరును ముందుకు రాలేదు కనుక నేనే చెప్పుచున్నాను.

ఆ కార్ఖానా యజమాని భార్యకు స్వయాన చెల్లెలు, అనగా యజమానికి మరదలు, ఈ కథకు నాయిక. అల్యూమినా అను తెల్లని పొడిని జిగురుద్రవములో కలిపి, వెలుతురు తాకినంతనే గట్టిపడు ఆ ముద్దను ప్రింటర్‌లో పోసి, వెంట్రుక కంటె పలుచని పొరపై పొర పేర్చి వస్తువులను మొలిపించు విద్యలో ఆమె దిట్ట. అట్లు మొలిచిన వస్తువు పచ్చిది; గోరు గుచ్చినచో గుంట పడును. దానిని కొలిమిలో పెట్టి, మొదట జిగురును మెల్లమెల్లగా కాల్చివేసి, పిమ్మట పదునారువందల డిగ్రీల దాక వేడి చేసినచో, రేణువు రేణువును కరచుకొని, వస్తువంతయు ఐదవ వంతు కుంచించుకొని, ఉక్కునైనను గీయగల రాయిగా మారును. దీనినే సింటరింగ్ అందురు. మాటకు ముందొక డిగ్రీ, వెనుకొక డిగ్రీ పలుకుటచేత పనివారు ఆమెను డిగ్రీలమ్మ అని పిలుచుచుండిరి. ఆమె పైకి కసురుకొనునుగాని లోలోపల మురిసిపోవును.

అట్టి డిగ్రీలమ్మ ప్రాణమంతయు ఇప్పుడు కొలిమిలోనున్న ఒక్క వలయముపై ఉండెను. నేతమిల్లులో దారము పరుగెత్తు దారిలో బిగించు చిన్న ఉంగరము అది. ఇనుపదైనచో దారపు రాపిడికి గాడిపడి, దారమునే తెంపును. సెరామిక్‌దైనచో, అనగా ఇట్లు కాల్చిన రాయిదైనచో, ఏండ్ల తరబడి అట్లే నిలుచును. మిల్లు మేస్త్రీ ఒక నమూనా అడిగెను. ఆమె ఆరు చేసెను. ఆరును సన్నని పగుళ్ళతో బయటపడెను.

"ఏడోది కూడా పగిలిందంటే ప్రింటర్ అమ్మేస్తా. నువ్వు మళ్ళీ ప్యాకింగ్ బల్ల దగ్గర డబ్బాలకి టేపు వేసుకుందువుగాని" అని బావ నలుగురిలో ప్రకటించియుండెను. నాలుగేండ్లు టేపు అంటించిన చేతులవి. మరల ఆ బల్లకు పోవుట కంటె ఆ టేపును తన నోటికే అంటించుకొనుట మేలని ఆమె తలచెను.

ఆరు పగుళ్ళకును ఆమె తన్నుతానే నిందించుకొనెను. పొడి మార్చెను, పొర మందము తగ్గించెను, వేడెక్కు వేగమును సగము చేసెను. అయినను పగులే! నిన్న సాయంకాలము, కొలిమి తనంతట తాను రాసుకొను ఉష్ణోగ్రతల గీతను తీసి చూడగా, ఆమె కండ్లు చెదిరెను. ఆరు మార్లును, కొలిమి చల్లారుచున్న వేళ, సరిగా ఉదయము ఎనిమిదింబావుకు, ఆ గీత గుంతలో కాలు పడినట్లు దిగ్గున కిందికి దిగి మరల పైకెక్కెను. ఎవరో తలుపు తీసినారు! ఆ వేళకు కార్ఖానాలో ఉండునది తాళములు తీయు బావ ఒక్కడే.

ఆహా, బావ! ఆ మూతోద్ఘాటన ధురంధరుని ఏమని వర్ణింతును! కుక్కర్‌లో ఆవిరి దిగకమునుపే మూత లాగి, ఉడికినదంతయు వంటగది కప్పునకు పూసిన వాడు. పొరుగువారి పార్సిలును "ఊరికే చూద్దామని" చించిన వాడు. గోడకు వేసిన రంగు ఆరినదో లేదో అని పొడిచి చూచి, తన వ్రేలిముద్రలను ఇంటి నిండ శాశ్వతముగా నిలిపిన వాడు! దుర్మార్గుడా అందురేని, కాడు. ఆగలేడు, అంతే.

కావుననే డిగ్రీలమ్మ అక్క వద్దనుండి రెండవ తాళముచెవి తెచ్చి, ఏడున్నరకే కార్ఖానా చేరి, కొలిమి తలుపునకు అడ్డముగా స్టూలు వేసి, కుడిచేత పట్టకారును ధరించి, ఎడమచేత ఆ గీతల కాగితమును చుట్టిపట్టి కూర్చుండెను. ఆమె తలపైన కొలిమి అంకెలు ఎర్రగా 540 అని వెలుగుచుండెను. ఎనిమిదింటికి పది నిమిషములు దాటగా బావ విజయము చేసెను.

"ఏంటమ్మా, ఇంత పొద్దున్నే?"

"కాపలా బావా."

"దేనికి?"

"మీకు."

అంతట ఆ వీరవనిత లేచి నిలిచి, కాగితమును ధ్వజపటమువలె విప్పి, రేకులకప్పు మారుమ్రోగునట్లు ఇట్లనెను:

"ఇదిగో, మొదటి ఉంగరం, ఎనిమిదింబావు. ఇదిగో రెండోది, ఎనిమిదింబావు. ఆరు గుంతలు బావా, ఆరు! నా పొడిని తిట్టుకున్నాను, నా చేతుల్ని తిట్టుకున్నాను, నాకసలు ఈ పని రాదేమోనని ఏడ్చాను. మీరేమో పొద్దున్నే తలుపు తీసి తొంగి చూసి, ఏమీ ఎరగనట్టు టీ తాగుతూ 'అయ్యో, మళ్ళీ పగిలిందా' అన్నారు!"

బావ ముఖము వెలవెలబోయెను. "సందు తీశానంతే. ఇంత. రెండు వేళ్ళ సందు."

"ఆ సందులోంచే చల్లగాలి దూరింది. అంత వేడి మీదున్నదానికి ఒక పక్కే చల్లగాలి తగిలితే, ఆ పక్క ముందు ముడుచుకుంటుంది, ఇంకో పక్క ముడుచుకోదు. పగలక ఏం చేస్తుంది చెప్పండి?"

"లోపల ఎలా ఉందోనని బెంగే. కనబడకపోతే నాకు మనసు నిలవదు. నీకు తెలుసుగా."

"నూరు డిగ్రీలకి దిగేదాకా ఈ తలుపు తెరుచుకోదు. తెరవాలంటే నన్ను లాగి పక్కన పెట్టాలి. లాగారా, అక్కకి ఫోన్ చేస్తా!"

అక్కాస్త్రము! దానికి తిరుగుబాణము ఇంతవరకు ఎవ్వరును కనిపెట్టలేదు. బావ ఇంకొక స్టూలు లాగికొని, ఎదుట కూర్చుండెను.

ఇక ఆ దీర్ఘసమరమును ఏమని చెప్పుదును! నాలుగువందల ఎనుబది వద్ద బావ "ఏదో కాలిన వాసన వస్తోంది" అని మాయోపాయము పన్నగా, నాలుగువందల పది వద్ద "ఆ అంకెలు పనిచేస్తున్నాయంటావా, ఒకసారి తీసి చూస్తే?" అని శంకాస్త్రము విడువగా, మూడువందల ముప్పది వద్ద "పోనీ నువ్వే తీసి చూడు, నేను కళ్ళు మూసుకుంటా" అని సంధి రాయబారము నడుపగా, ఒక్కొక్కదానిని "ఊహూఁ" అను ఏకాక్షర ఖడ్గముతో తునుమాడి, తెచ్చుకొన్న అన్నమును సైతము ఆ తలుపుకడనే తిని, చేయి కడుగుకొనుటకు పోవలసి వచ్చినపుడు బావ చేతులను లెక్కల దస్త్రములతో నింపి పోయి, పరుగున తిరిగివచ్చి, ఆమె కోట నిలుపుకొనెను. వీపు చెమటతో తడిసి ముద్దయ్యెను.

మధ్యాహ్నము రెండు దాటిన పిమ్మట బావ అడుగుట మానెను. లేచి, పగిలిన ఆరు ఉంగరములున్న డబ్బాను తెచ్చి, ఒక్కొక్కదానిని దీపమునకెత్తి చూచి, బల్లపై వరుసగా పేర్చెను.

నాలుగు గంటలకు ఫోను మ్రోగెను. అవతల మిల్లు మేస్త్రీ.

"అమ్మా, నేను అటే వస్తున్నా. ఐదింటికల్లా అక్కడుంటా. ఈసారైనా ఉందా, లేదా?"

"ఉందండీ... అంటే, ఉండాలండీ" అని ఆమె ఫోను పెట్టివేసెను. కొలిమి అంకె నూటనలుబది. గంటకు పైగా ఆగవలెను. అప్పుడు, ఓ శ్రోతలారా, ఆమె కుడిచేయియే ఆమెపై తిరుగబడి, చెవిలో ఇట్లు ఉపన్యసించెను:

"ఓసి అమాయకురాలా! శత్రువు ఐదువందల డిగ్రీల వద్ద గదా తలుపు తీసినది! నూటనలుబది ఒక వేడియా? వేసవిలో రేకులకప్పు ఇంతకంటె మండదా? పగిలియుండిన యెడల, మేస్త్రీ ముందు పగులుటకంటె ఇప్పుడే చూచి ఏడ్చుట మేలు గాదా? తెరువుము! ఒక్క సందు!"

నిజమునకు నూటనలుబది వద్ద ఏమియు కాకపోవచ్చును. కాని ఏడవదానిని "కాకపోవచ్చును" మీద పెట్టుటకు నాకే గుండె లేదు, ఆమెకెట్లుండును? అయినను చేయి లేచెను. గడియపై పడెను. గడియ సగము కదలెను.

బావ ఎగిరి వచ్చి ఆ మణికట్టును పట్టుకొనెను.

"ఎంతుంది?"

"నూట నలభై. ఇప్పుడేం కాదు బావా. నిజంగా ఏం కాదు. కొంచెం సందు తీస్తానంతే."

"రెండు వేళ్ళా?"

ఆమె వ్రేళ్ళు గడియను వదలెను.

"ఆరు పగలగొట్టింది నేను" అని బావ మెల్లగా పలికెను. "ఏడోది నువ్వు పగలగొట్టకు. కూర్చో."

ఆమె కూర్చుండెను. పొద్దుటినుండి బిగబట్టిన ఏడుపు అప్పుడు వచ్చెను. బావ గడియను తిరిగి బిగించి, తన స్టూలును తెచ్చి, ఆమె ప్రక్కన తానును తలుపునకు వీపు ఆనించి కూర్చుండెను.

ఐదు గంటలకు మేస్త్రీ రానే వచ్చెను. "ఇంకా తీయలేదా? తలుపు తీస్తే కనబడేదానికి ఇంత..." అని ఆయన చేయి చాపినంతనే, బావ సింహనాదము చేసెను:

"తలుపు తీయకూడదండీ! ఇంకా పన్నెండు డిగ్రీలుంది! కూర్చోండి!"

మేస్త్రీ బెదరి కూర్చుండెను. మువ్వురును ఎర్రని అంకెల వంక తలలెత్తి చూచుచుండగా, ఐదున్నరకు 100 అని వెలిగెను. ఆమె వెంటనే తీయలేదు. తొంబదితొమ్మిది కానిచ్చి, అప్పుడు తలుపు తీసెను.

తెల్లని ఉంగరము. పట్టకారుతో ఎత్తి, చల్లారనిచ్చి, నీలిసిరా పూసి, గుడ్డతో తుడిచెను. పగులున్నచో సిరా దానిలోనికి దిగి గీతయై నిలుచును. గీత లేదు! మరల పూసి మరల తుడిచెను. లేదు! కొలతపరికరము పట్టి చూడగా, రంధ్రము సరిగా మూడు మిల్లీమీటర్లు. మేస్త్రీ జేబునుండి దారము తీసి అందులో దూర్చి, ఇటునటు లాగి, గోటితో రుద్ది, "ఇలాంటివి ముప్పై చేసిపెట్టండి" అనెను.

"ప్యాకింగ్ బల్లకి వేరేవాళ్ళని చూస్తాలే" అని బావ మరదలి వంక చూడక గోడ వంక చూచుచు పలికెను. అంతలో భోజనపు డబ్బా కొరకు వచ్చిన అక్క, ఆ మువ్వురి నడుమనున్న వస్తువును వంగి చూచి, "దీనికోసమా పొద్దుటి నుంచి ఇద్దరూ ఇంటికి ఒక్క ఫోనైనా చేయలేదు? చొక్కా గుండీ కంటే చిన్నగా ఉంది!" అనెను.

చిన్నదే! కాని లోకము వినుగాక! ఇద్దరు మనుష్యులు ఒక తలుపును తొమ్మిది గంటలపాటు తెరువకుండిరి. ఒకరు తెరువబోగా ఒకరు ఆపిరి. కత్తి దూయక, కాలు కదపక, కేవలము ఊరకుండుటచేత డిగ్రీలమ్మయు, ఆమె బావయు నేడు గెలిచినారు!