దోన్యా ఎడువీహెస్ ఇంటి పొయ్యి అరుగు

చిలీ దేశపు చిలోయే దీవి మొత్తమ్మీద అత్యంత సురక్షితమైన పొయ్యి అరుగు దోన్యా ఎడువీహెస్‌దేనని ఊరి అగ్నిభద్రతా సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. అందులో అతిశయోక్తి లేదు. ఆ పొయ్యి వల్ల ఆవిడ ఇల్లు అంటుకునే ప్రమాదం ఇప్పుడు ఏమాత్రం లేదు.

మొదట ఆవిడ అడిగింది చిన్న విషయమే. ఇనుప పొయ్యిలోంచి రవ్వలు రాలి చెక్క నేలకు చిల్లులు పడుతున్నాయి. కింద ఒక రాతి పలక వేస్తే ఆ వానల చలికాలం వంటింట్లో వెచ్చగా, భయం లేకుండా కూర్చోవచ్చని ఆ వితంతువు ఆశ.

సంఘాధ్యక్షుడు దోన్ ఆర్తెమియో వచ్చి నేలను బూటుతో తొక్కి చూశాడు.

"పలకతో సరిపెడితే మా పరువేం కానక్కయ్యా? పునాది పడాల్సిందే."

నల్లరాయా, ఎర్ర ఇటుకా అన్న చర్చలో రెండు కుటుంబాలు మాటలు మానేశాయి. చివరికి రెండూ వేశారు. నేల కోసి, నడుంలోతు తవ్వి, కాంక్రీటు పోసి, పైన పొయ్యిని బోల్టులతో బిగించారు. భూకంపానికైనా కదలదని ప్రసంగించి ఆపిల్ సారా తాగారు.

వసంతం వచ్చింది. సముద్రం గట్టును కోసేస్తోంది కనుక ఆవిడ ఇంటిని ఎడ్లతో గుట్ట మీదికి లాగాలని ఊరు ఏడాది ముందే నిర్ణయించింది. ఆ దీవిలో మకాం మారితే సామానే కాదు, చెక్క ఇల్లు కూడా వెళుతుంది. లాగినవాళ్ళకు ఇంటివాళ్ళు విందు పెడతారు. పునాది తవ్వేటప్పుడు ఇది గుర్తులేదా అని అడగకండి. ఇల్లు లాగేది వేరే సంఘం. సభ్యులు మాత్రం వాళ్ళే.

ఎడ్లు లాగాయి. ఇల్లు మూలిగింది గానీ జరగలేదు.

"పొయ్యి విప్పేద్దామా?" అన్నాడు ఎడ్లు తోలేవాడు.

"భద్రతను విప్పేస్తావుట్రా?" అన్నాడు దోన్ ఆర్తెమియో.

పొగగొట్టం ఊడదీసి, వంటింటి నేలా వెనక గోడా రంపాలతో కోశారు. అరుగుకు గీతైనా పడకుండా ఇల్లు తప్పుకుని గుట్టెక్కింది. ఒడ్డున గడ్డిలో పొయ్యి ఒక్కటే మిగిలింది.

"చుట్టూ కాలడానికి పుల్ల లేదు, పక్కనే సముద్రమంత నీళ్ళు. ఇంతకంటే ఏం కావాలి?" అన్నాడు అధ్యక్షుడు. విందుకు బంగాళాదుంప రొట్టెలు ఆ పొయ్యి మీదే కాల్చుకుని తిన్నారు.

మళ్ళీ చలికాలం. గోడలేని వంటింట్లో వణికి వణికి, తెల్లారగానే కుండ పట్టుకుని వానలో ఒడ్డుకు దిగి వండుకునే ఎడువీహెస్‌కు ఒళ్ళు మండిపోయింది. తిన్నగా సంఘానికి వెళ్ళింది.

"తమ్ముడూ, నాకు పొయ్యి తెచ్చివ్వు. కింద ఒక్క రాతి పలక వెయ్యి. అంతే."

సంఘం సానుభూతితో ఆలోచించింది. ఇంటికీ పొయ్యికీ ఎడబాటు అన్యాయమని ఒప్పుకుంది. పొయ్యి కదలదు కనుక ఇంటినే వెనక్కి లాగాలని ప్రతిపాదించింది. గోడ కోస్తున్నప్పుడు కళ్ళొత్తుకున్న పొరుగింటి రొసెండాతో సహా అందరూ చేతులెత్తారు.

ఎత్తిన చెయ్యి దించకుండానే రొసెండా ఆప్యాయంగా అడిగింది.

"ఈసారి విందుకి ఏం పెడతావొదినా?"