నాలుగో ప్యాకేజీ

గురువారం ఉదయం సత్యదేవ్ వేసుకున్న ప్రణాళిక చాలా సాదాసీదాది. పదిన్నరకు తిరుమలగిరి ఆఫీసులో ప్రొజెక్టరు బిగించాలి. పదకొండుకు డైరెక్టర్ల ముందు నిలబడి ముప్పై రెండు స్లైడ్లలో కంపెనీ భవిష్యత్తు చూపించాలి. పన్నెండున్నరకల్లా వాళ్లచేత సరే అనిపించుకోవాలి. ఒంటిగంటకు టిఫిన్ డబ్బా విప్పుకోవాలి. ఆ రోజు డబ్బా విప్పలేదు గానీ, మిగతావన్నీ అనుకున్న టైముకే జరిగాయి.

కంపెనీ పేరు రాఘవా టెంట్ హౌస్. షామియానాలు, కుర్చీలు, వంట గుండిగలు అద్దెకిచ్చే వ్యాపారం. అమ్మిరాజు గారు నలభై ఏళ్ల కిందట భీమవరం వైపు నుంచి వచ్చి పెట్టారు. డైరెక్టర్లు ముగ్గురు. ఆయన, అల్లుడు ఉదయ్ భాస్కర్, భార్య వీరరాఘవమ్మ. ఆవిడ మీటింగులకు రారు. కాగితాలు నేరేడ్‌మెట్‌లోని ఇంటికి వెళ్తే సంతకం పెట్టి పంపుతారు. కాబట్టి నిర్ణయాలు తీసుకునేవాళ్లు ఇద్దరేనని సత్యదేవ్ అనుకున్నాడు.

వ్యాపారాన్ని కంప్యూటర్ మీదికి ఎక్కించడానికి అతన్ని ఆరు నెలలకు తీసుకున్నారు. ఆ గడువు ఆ రోజుతో సరి. ప్రెజెంటేషన్ నచ్చితే ఉద్యోగం పర్మనెంటు. నచ్చకపోతే కంప్యూటర్ అటకెక్కుతుంది, సత్యదేవ్ ఇంటికెళ్తాడు. చిక్కేమిటంటే, పర్మనెంటు అయిపోయిందని భార్య సింధూరకు అతను పోయిన వారమే చెప్పేశాడు. ఆమె వాళ్ల నాన్నగారికి చెప్పింది. ఆయన వీధంతా స్వీట్లు పంచారు.

అప్పటిదాకా ఆర్డర్లన్నీ మౌలాలి గోదాములో నాగూర్ బాషా నోటుబుక్కులోంచి నడిచేవి. ముప్పై ఏళ్లుగా బాషా పద్ధతి ఒకటే. ఆర్డర్ రాగానే పార్టీకి తనే ఫోన్ చేస్తాడు. ఎంతమంది వస్తారు, ఎండ ఎటు పడుతుంది, మోకాళ్ల నొప్పుల వాళ్లెందరున్నారు, అన్నీ అడుగుతాడు. ఆ తర్వాతే బండి కదులుతుంది. దీనికి సగటున రెండు గంటల పది నిమిషాలు పడుతోందని సత్యదేవ్ గడియారం పెట్టి మరీ కొలిచాడు. ఏడో స్లైడులో ఆలస్యానికి మూలకారణం అని ఎర్ర అక్షరాలతో వేసింది దీన్నే.

ముందు రోజు గోదాములో అందరి చేతుల్లో తలా ఒక ఫోను పెట్టి శిక్షణ కూడా ఇచ్చాడు.

"బాషా భాయ్, ఇకమీదట ఎవరూ ఎవర్నీ ఏమీ అడగొద్దు. ఫోన్లో ఆర్డర్ వస్తుంది, సామాను బండెక్కిస్తారు. అంతే."

"అడగకుంటే ఎట్ల సార్? మనుషుల ఇంటికి పోతున్నం గద."

"అడగడం వల్లే లేటవుతోంది భాయ్."

బాషా నోటుబుక్కు మూసి చంకలో పెట్టుకున్నాడు.

సామానంతటినీ నాలుగు ప్యాకేజీలుగా విడదీశారు. మొదటిది పెళ్లి, రెండోది ఓణీల ఫంక్షన్, మూడోది గృహప్రవేశం. నాలుగోదానికి బాషా జాబితా మాత్రం చెప్పాడు. తెల్ల షామియానా, వంద కుర్చీలు, నీళ్ల డ్రమ్ములు రెండు, కరెంటు పెట్టె ఒకటి. అన్వర్‌కు కూడా మెసేజ్ పోవాలన్నాడు.

"దీని పేరేంటి భాయ్?"

"పేరు గిట్ల వద్దు సార్. నాలుగోది అని రాసుకోండ్రి, సాలు."

నాలుగోది చావు జరిగిన ఇంటికి వెళ్లే సామాను. రాఘవా టెంట్ హౌసులో ఆ మాట నోటితో అనరు, పుస్తకంలో రాయరు. పెళ్లి బేరానికి వచ్చినవాళ్ల చెవిన పడితే బాగుండదని అమ్మిరాజు గారు మొదటి రోజే పెట్టిన కట్టుబాటు అది. కొత్తగా వచ్చిన సత్యదేవ్‌కు ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు. కరెంటు పెట్టె ఐస్‌క్రీముల కోసమనుకున్నాడు. అన్వర్ ఆ ఐస్‌క్రీములు తెచ్చేవాడనుకున్నాడు. పిల్లల పుట్టినరోజు తాలూకు ప్యాకేజీ అయ్యుంటుందని తనలో తానే తీర్మానించుకున్నాడు. ఉత్తుత్తి ఆర్డర్లు గోదాము ఫోన్లకు పోకుండా ఆపే ట్రయల్ మీటను శిక్షణ కోసం ఆఫ్ చేశాడు. దాన్ని మళ్లీ ఆన్ చెయ్యడం మాత్రం మరిచిపోయాడు.

మీటింగుల విషయంలో అమ్మిరాజు గారికి ఒక పట్టుదల ఉంది. ఫోన్లన్నీ సైలెంట్లో పెట్టి, స్టీలు బేసిన్‌లో వేసి, పక్క గదిలో ఉంచాలి. మిగతా సిబ్బంది కూడా ఆ పూట గోదాముకు వెళ్లిపోవాలి. ఆఫీసులో ల్యాండ్‌లైను ఉండేది గానీ, అనవసరపు ఖర్చని పోయిన నెలే సత్యదేవ్ దాన్ని తీయించేశాడు. పదకొండుకు తలుపు మూశారు. ఆ గదికీ లోకానికీ సంబంధం తెగిపోయింది.

పద్నాలుగు స్లైడ్ల దాకా అమ్మిరాజు గారు ఓపిక పట్టారు.

"అల్లుడుగారూ, మీకేమైనా అర్థమవుతోందా?"

"స్లైడ్లు బాగున్నాయి మావయ్యా. పని జరుగుతుందా అన్నదే నా డౌటు," అన్నాడు ఉదయ్ భాస్కర్. అతనికి మొదటినుంచీ ఈ వ్యవహారం గిట్టదు.

"మాటలొద్దయ్యా సత్యదేవూ. చేసి చూపించు."

సత్యదేవ్ ఉత్సాహంగా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తక్కువ సామానున్న ప్యాకేజీ అయితే త్వరగా తేలిపోతుందని నాలుగోది ఎంచుకున్నాడు. పార్టీ పేరు దగ్గర, పెద్దాయన సంతోషిస్తారని, అమ్మిరాజు గారు అని కొట్టాడు. చిరునామా కూడా నేరేడ్‌మెట్‌లోని ఆయన ఇంటిదే ఇచ్చాడు. పదకొండు ఇరవై అయిదుకు మీట నొక్కాడు.

తెర మీద మొదటి దీపం పచ్చగా వెలిగింది. ఆర్డర్ అందింది.

మౌలాలి గోదాములో పన్నెండు ఫోన్లు ఒక్కసారిగా మోగాయి. పేరు చదివి అందరూ బాషా వైపు చూశారు. బాషా తన ఫోను తీసి రెండుసార్లు చదివాడు. అడగొద్దన్నారు కాబట్టి అడగలేదు. తాళాలగుత్తి తీసుకుని లోపలి గదిలోకి వెళ్లి, ఇంకా మడత విప్పని కొత్త తెల్ల షామియానా తనే భుజాన వేసుకొచ్చాడు.

"పాతది వద్దు. మా రాజుగారికి ఇది కడదాం," అని బండిలో ముందు సీట్లో కూర్చుని ఏడ్చాడు.

తెర మీద రెండో దీపం వెలిగింది. సామాను బండెక్కింది.

"ఇది నిజంగా జరుగుతున్నట్టే ఉందే!" అన్నాడు ఉదయ్ భాస్కర్.

"అలా కనిపించేలా చేశారండీ, సాఫ్ట్‌వేరు వాళ్లు," అన్నాడు సత్యదేవ్. వాళ్లు అంత శ్రద్ధ తీసుకున్నందుకు అతనికే ఆశ్చర్యంగా ఉంది.

నేరేడ్‌మెట్‌లో వీరరాఘవమ్మ గారు వరండాలో కూర్చుని చింతచిగురు బాగుచేస్తున్నారు. బండి ఆగింది. ఎనిమిదిమంది దిగి, ఆవిడ మొహం చూడకుండా గుంజలు పాతడం మొదలుపెట్టారు.

"ఏంట్రా ఇది? ఎవరింటికి పోబోయి ఎవరింటికొచ్చారు?"

ఎవరూ పలకలేదు. ఆవిడ రెట్టిస్తే ఒకడు తల దించుకుని ఫోను చూపించాడు. పార్టీ పేరు అమ్మిరాజు గారు, ప్యాకేజీ నాలుగోది. నాలుగోదంటే ఏమిటో ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

భర్తకు ఫోన్ చేశారు. మోగింది, ఎత్తలేదు. అల్లుడికి చేశారు. ఎత్తలేదు. ఆఫీసు ల్యాండ్‌లైనుకు చేస్తే ఆ నంబరే లేదంది. అప్పటికి బాషా గేటు పట్టుకుని వెక్కిళ్లు పెడుతున్నాడు. ఎదురింటి క్యారల్, రిటైరైన టీచరు, తెల్ల గుడ్డ పైకి లేవడం కిటికీలోంచి చూసింది. చెప్పులేసుకునే లోపలే, అమ్మిరాజు గారు ఇక లేరని కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది.

"రాఘవమ్మగారూ, హౌ హ్యాపెన్డ్ అండీ? మొన్ననే కదా వాకింగ్‌లో కనిపించారు!"

"నాకు తెలీదు క్యారల్. మనిషిని నేను చూడాలి. చూసేదాకా నా ఇంటి ముందు ఎవరూ ఏడవడానికి వీల్లేదు."

ఇలా అని ఆవిడ మొదటి వరుస కుర్చీలో కూర్చున్నారు. బాషా ఏడుపు మింగేశాడు. వచ్చినవాళ్లు వచ్చినట్టు వెనక వరుసల్లో చప్పుడు చెయ్యకుండా సర్దుకున్నారు. ఆవిడ మాత్రం మళ్లీ మళ్లీ అదే నంబరు నొక్కుతున్నారు. చింతచిగురు ఇంకా ఒళ్లోనే ఉంది.

తిరుమలగిరిలో మూడో దీపం వెలిగి, పన్నెండు గంటల మూడు నిమిషాలకు నాలుగోదీ వెలిగింది. డెలివరీ పూర్తయింది.

"ముప్పై ఎనిమిది నిమిషాలు!" అన్నారు అమ్మిరాజు గారు. ఆయన చప్పట్లు కొట్టారు. అల్లుడికీ కొట్టక తప్పలేదు. "నువ్వు పర్మనెంటయ్యా. ఇక అనుమానం లేదు."

పక్క గదిలో బేసిన్ గుయ్యిమంటూ బల్ల చివరిదాకా జరిగింది. ఆ చప్పుడు ఏసీదనుకుని, దాన్ని బాగుచేయించాలని ఉదయ్ భాస్కర్ కాగితం మీద రాసుకున్నాడు.

పన్నెండున్నరకు ఫోన్లు తీసి చూస్తే, అమ్మిరాజు గారి ఫోన్లో ఇంటినుంచి నలభై ఒక్క కాల్సున్నాయి. తిరిగి చేస్తే లైను బిజీ. ఆయన తలుపు వైపు నడిచారు.

"రాఘవకు ఏదో అయింది. కారు తియ్యండి."

దారి పొడుగునా ఆయన ఇంటి నంబరు నొక్కుతూనే ఉన్నారు, లైను బిజీగానే ఉంది. కారు వీధి మలుపు తిరగగానే తెల్ల షామియానా కనబడింది. అది తన ఇంటి ముందే ఉంది. జీవితమంతా ఊళ్లోవాళ్ల ఇళ్ల ముందు అవే వేయించిన మనిషి కనుక, ఆయనకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. కారు దిగి నాలుగడుగులు వేశారు. అక్కడే ఆగిపోయారు. సత్యదేవ్, ఉదయ్ భాస్కర్ చెరోవైపు పట్టుకుని నడిపించారు.

మొదటి వరుసలో వీరరాఘవమ్మ గారు లేచి నిలబడ్డారు. ఒళ్లోని చింతచిగురు నేలపాలైంది.

"ఏవండీ," అన్నారావిడ, "ఫోను ఎక్కడ పెట్టి చచ్చారు?"

అమ్మిరాజు గారు ఆవిడ చెయ్యి పట్టుకుని, పక్క కుర్చీలో కూలబడి, వందమంది ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చారు. అప్పుడు ఆవిడా ఏడ్చారు. అనుమతి దొరికింది కాబట్టి బాషా కూడా మొదలుపెట్టాడు.

ఇంతలో వైకుంఠ రథం వచ్చి గేటు ముందు ఆగింది. అన్వర్ దిగి, ఫోన్లో చిరునామా చూసుకుంటూ, ముందు కనిపించిన పెద్దాయన్ని అడిగాడు.

"అంకుల్, బాడీ వచ్చిందా? ఇంకా టైముందా?"

"వచ్చింది," అన్నారు అమ్మిరాజు గారు. "నేనే."

విషయం తేలడానికి పది నిమిషాలు పట్టింది. అందరూ అందరి ఫోన్లూ చూశాక, అందరి చూపులూ సత్యదేవ్ మీద ఆగాయి. కరెంటు పెట్టె అంటే శవాన్ని చల్లగా ఉంచే పెట్టె అని అతను అప్పటికే కళ్లారా చూశాడు.

"ఇంకో క్షణం నా కళ్లముందుండకు!" అని అమ్మిరాజు గారు లేచారు. "పర్మనెంటూ లేదు, గాడిదగుడ్డూ లేదు. రేపట్నుంచి రావద్దు!"

"ఆగండి," అన్నారు వీరరాఘవమ్మ గారు. "అతన్ని పంపించడానికి మీరెవరు?"

"నేనెవరా?"

"కంపెనీలో నూటికి అరవై వంతులు నా పేర పెట్టింది మీరేగా. ఆ రోజు ఇన్‌కంటాక్సు కోసమన్నారు. ఇవాళ నా కోసమనుకోండి." ఆవిడ సత్యదేవ్ వైపు తిరిగారు. "బాబూ, ఇలా కూర్చో. మీ మీటింగులో ఏం చెప్పావో నాకూ చెప్పు."

ముప్పై రెండు స్లైడ్లలో ఒక్కటీ అతనికి గుర్తుకు రాలేదు.

"సామాను త్వరగా వస్తుందండీ," అన్నాడు.

"వచ్చింది. కుర్చీలు నేనే లెక్కపెట్టాను. వందకు వందా ఉన్నాయి. నలభై ఏళ్లలో ఎప్పుడూ మూడో నాలుగో తగ్గేవి. పని బాగానే చేస్తోంది నీ యంత్రం. కానీ వచ్చిన ఎనిమిదిమందిలో ఒక్కడూ నా మొహం చూసి మాట్లాడలేదు. అడగొద్దన్నారంట. ఆ కుర్చీలో గంట సేపు నేనెలా కూర్చున్నానో నీకు తెలుసా?"

"తెలీదండీ," అన్నాడు సత్యదేవ్. ఉద్యోగం సంగతి ఆ క్షణానికి నిజంగానే మరిచిపోయాడు. ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. "తప్పయిపోయిందమ్మా."

బాషా ముక్కు తుడుచుకుని ముందుకొచ్చాడు. "అమ్మా, సార్‌ను ఉంచుండ్రి. మంచోడే. జెర అడుగుడు రాదు, గంతే. నాలుగోదంటే ఏందో నేను సుత చెప్పకపోతి."

"అయితే ఇలా చెయ్యి," అన్నారావిడ. "ఆర్డర్ నీ యంత్రంలోనే రానీ. బండి కదిలే ముందు మాత్రం బాషా పార్టీకి ఫోన్ చేసి మాట్లాడాలి. బాషా సరే అని నొక్కితేనే కదలాలి. అది పెట్టి తీసుకురా, సంతకం పెడతాను. నీ ఉద్యోగం కాగితం కూడా అప్పుడే పట్టుకురా."

"అంటే ప్రాజెక్టు ఓకే అయినట్టేనా అత్తయ్యా?" అన్నాడు ఉదయ్ భాస్కర్.

"మీరిద్దరూ చప్పట్లు కూడా కొట్టారటగా. మరి నాకేం అభ్యంతరం?"

సాయంత్రం దాకా బంధువుల ఫోన్లు వస్తూనే ఉన్నాయి. అమ్మిరాజు గారు ప్రతి ఫోనూ తనే ఎత్తి, తాను పోలేదని ఓపిగ్గా చెప్పారు. అందరూ చాలా సంతోషించి, ఎందుకైనా మంచిది, ఒకసారి ఫోను వీరరాఘవమ్మ గారికి ఇవ్వమన్నారు.