కాయితం దానిది, కుక్క దీనిది

ఆ శనివారం పొద్దున శ్యాంసుందర్‌రావు వేసుకున్న పథకం చాలా మామూలుది. తాను ఆఫీసుకు పోవాలి, జీతగాడు కొమురెల్లి చొప్పదండికి పోవాలి, చీకటి పడేలోగా ఇంట్లో ఒక జాతికుక్క ఉండాలి.

కుక్కల మీద ఆయనకు ప్రేమ ఏమీ లేదు. నలభై ఆరేళ్ళలో కుక్కలతో ఆయన పెట్టుకున్న సంబంధమల్లా, ఎదురైతే దారి ఇవ్వడం. కాని ఆయన పెద్దపల్లి అడవుల ఆఫీసులో హెడ్ గుమాస్తా. ఆయనను ఆదిలాబాద్ అడవుల్లోని బోథ్‌కు బదిలీ చేసే కాగితం కొత్త ఆఫీసరు బల్ల మీద సంతకం కోసం ఎదురుచూస్తూంది. ఆ ఆఫీసు కింద కరీంనగర్, ఆదిలాబాద్ రెండు జిల్లాల అడవులున్నా, అక్కడ పనిచేసే గుమాస్తాలలో అడవిని చూసినవాడు లేడు. చూడాలన్న కోరిక ఉన్నవాడూ లేడు.

"బోథ్ అయితే మీరొక్కరే పోవాలె. ఆడ చలిజరం, పులులు. నేను ఈడనే ఉంట," అని ఆయన భార్య సరళాదేవి ముందే చెప్పేసింది.

కొత్త ఆఫీసరు రాజమండ్రి వైపు మనిషి. వచ్చిన రోజే అందరినీ నిలబెట్టి, "మనిషి ఎలాంటివాడో తెలియాలంటే వాడి కుక్కను చూడాలండీ," అన్నాడు. ఆ మాటతో ఆఫీసు మారిపోయింది. కుక్కంటే బల్లెక్కే టైపిస్టు అంబదాస్ కూడా కుక్కల బొమ్మల పుస్తకం ఒకటి సంపాదించి, మధ్యాహ్నం పూట చదవసాగాడు. గురువారం నాడు ఆఫీసరు "మీలో ఎవరింట్లో జాతికుక్క ఉంది?" అని అడగగానే శ్యాంసుందర్‌రావు లేచి నిలబడ్డాడు.

"నా ఇంట్ల ఉన్నది సార్. కాయితం గూడ ఉన్నది."

"అయితే ఆదివారం ఎనిమిదింటికి వస్తాను," అన్నాడు ఆఫీసరు.

ఇది పూర్తిగా అబద్ధం కాదు, కొంచెం తొందర మాత్రమే. చొప్పదండిలో ఉన్న సరళాదేవి అన్న రాజేశ్వర్‌రావు దగ్గర రెండు కుర్రకుక్కలున్నాయి. రెంటికీ తల్లి ఒకటే, అల్సేషను. పెద్దదాని తండ్రి హైదరాబాదు అల్సేషను. దానికి వంశం రాసిన ఇంగ్లీషు కాగితం ఉంది. చిన్నదాని తండ్రి పొలాల్లో తిరిగే ఊరకుక్క. దానికి ఏ కాగితమూ లేదు. "ఏది కావాల్నంటె గది తీస్కపో బావా," అని రాజేశ్వర్‌రావు ఉత్తరం రాసి నెలయింది.

బల్ల మీద బదిలీ కాగితం ఉన్నప్పుడు సెలవు అడగడం తెలివి కాదు కనుక, కొమురెల్లిని పంపాల్సి వచ్చింది. చుట్టుపక్కల పది ఊళ్ళలో ఎద్దును కొనాలంటే కొమురెల్లి వచ్చి చూడాలి. అతను ఒంటి మీది సుడులు చూసి సరేనంటేనే బేరం. "జర చూసి మంచిది తే," అని ఆయన మరీ మరీ చెప్పి పంపాడు.

సాయంత్రం ఆరింటికి కొమురెల్లి బియ్యం బండి వెంట దిగాడు. తాడు చివర మట్టిరంగు కుక్క ఒకటి ఉంది. దాని ఒక చెవి నిలబడి ఉంది, రెండోది పడుకుని ఉంది. తోక వీపు మీదికి చుట్టుకుని ఉంది.

"గిదేంది కొమురెల్లీ?"

"కుక్క దొరా."

"జాతిదా, సంకరమా?"

"సంకరం."

"నేను జాతిది తెమ్మన్ననా లేదా?"

"అన్నరు. సూసి మంచిది తెమ్మని గూడ అన్నరు. జాతిదాన్ని సూసిన. వెన్ను మీద సుడి ఉన్నది దొరా. గసొంటి సుడున్న ఎద్దును కట్టేస్తె యజమాని ఊరిడువాలె. మీదేమో బదిలీ ముచ్చట నడుస్తున్నది. తెలిసి తెలిసి ఎట్ల తేవాలె?"

"కుక్కకు, ఎద్దుకు ఒకటే లెక్కనా?"

"నాలుగు కాళ్ళు, ఒక తోక. ఇగ ఫరక్ ఏంది? పండ్లు సూసిన. నడిపిచ్చి సూసిన. గాదేమో బాయి కాడికి పోంగనే నాలుకేసి కూసున్నది. గిది చొప్పదండి నుంచి బండెంబడి ఉరికొచ్చింది."

శ్యాంసుందర్‌రావు అరుగు మీద కూలబడ్డాడు. "మరి కాయితం?"

కొమురెల్లి తలగుడ్డ విప్పి మడత కాగితం తీశాడు. "తెచ్చిన. కాయితం దానిది మంచిగున్నది, కుక్క దీనిది మంచిగున్నది. రెండిట్లకెల్లి మంచియి తెచ్చిన."

"మా బావ ఇచ్చిండా?"

"ఆయన పొలం కాడ ఉండె. దొరసాని ఇచ్చింది. ఏ కుక్కకు ఏ కాయితమో ఆమెకేం తెలుసు."

మళ్ళీ చొప్పదండికి పోయి వచ్చే వ్యవధి లేదు. శ్యాంసుందర్‌రావు తల పట్టుకుంటే, సరళాదేవి కుక్క చుట్టూ ఒకసారి తిరిగి చూసి వచ్చింది.

"గింత పరేషాన్ ఎందుకు? కాయితం ఉన్నంక కుక్కను ఎవ్వరు చూస్తరు? ఇరవై ఏండ్ల సంది మీ ఆఫీసుల జరిగేది గదే గద."

ఆ మాటలో న్యాయం ఉంది. రైతు వచ్చి తన పొలం గట్టున టేకుచెట్టు ఉందంటే, కాగితంలో ఉందా అని అడగడమే శ్యాంసుందర్‌రావు ఉద్యోగం. కాగితంలో లేకపోతే చెట్టు లేదు. రైతు పోయి దాని నీడలో కూర్చున్నా సరే, లేదు.

ఆదివారం తెల్లవారగానే సరళాదేవి భర్త అంగీకి పెట్టే గంజినే కుక్క వాలిన చెవికి పట్టించి, ఆరేదాకా చేత్తో నిలబెట్టి పట్టుకుంది. కుక్కకు ఇదంతా కొత్తగా ఉండడం వల్ల కదలకుండా కూర్చుని, మధ్యమధ్య మూతికి అందిన గంజిని నాకింది. తోకకు గంజి పనికి రాలేదు. దాన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టి, తోక వెనక పడేట్టు చూశారు.

ఎనిమిదింటికి జీపు వచ్చింది. దాని వెనక సైకిలు మీద అంబదాస్ పుస్తకం పట్టుకుని వచ్చాడు. ఆఫీసరు ముందు కాగితం అడిగి తీసుకున్నాడు. తండ్రి, తాత, ముత్తాత, వాళ్ళకు వచ్చిన బహుమతులు పైకి చదివాడు.

"ఐదు తరాలండీ రావుగారూ."

శ్యాంసుందర్‌రావుకు కొంచెం సిగ్గనిపించింది. తండ్రి తద్దినంనాడు ముత్తాత పేరు తానెప్పుడూ పురోహితుణ్ణి అడిగి చెప్పేవాడు.

కాగితం ముగిశాక ఆఫీసరు కుక్కను చూశాడు. సరిగ్గా అప్పుడే ఎండ తగిలి గంజి పెళుసెక్కింది. కుక్క ఒకసారి తల విదిలించింది. చెవి వాలిపోయింది. సరళాదేవి తలుపు చాటుకు పోయింది.

"చూశారా?" అన్నాడు ఆఫీసరు మెల్లగా. "ఒక చెవితో కాపలా కాస్తుంది, రెండోదానికి విశ్రాంతి ఇస్తుంది. నాటుకుక్కకు ఈ పొదుపు తెలియదు."

కుక్క లేచి నిలబడింది. తోక వీపు మీదికి చుట్టుకుంది.

"మనల్ని నమ్మిందండీ," అన్నాడాయన.

"నేను నడక చూసే పసిగట్టిన సార్," అన్నాడు అంబదాస్. కుక్క అప్పటిదాకా ఒక్క అడుగు కూడా నడవలేదు.

ఆఫీసరు కుర్చీలో కూర్చుని చాయ తాగాడు. "రావుగారూ, ఉన్నమాట చెబుతాను. మీ బదిలీ కాగితం చింపేద్దామనే జేబులో పెట్టుకుని వచ్చాను."

శ్యాంసుందర్‌రావుకు ఊపిరి తేలికగా ఆడింది.

"కాని ఇప్పుడు మనసు ఒప్పడం లేదు. దీని పూర్వీకులంతా చలిదేశం వాళ్ళు. ఈ పెద్దపల్లి ఎండకు ఇది వచ్చే మే నెల దాటదు. బోథ్‌లో అయితే చలి ఉంది, అడవి ఉంది. మీకు కాస్త ఇబ్బందే అనుకోండి. ఐదు తరాల మొహం చూసి సర్దుకోవాలి."

"సార్," అన్నాడు శ్యాంసుందర్‌రావు లేచి నిలబడి. "గిది జాతిది కాదు. సంకరం."

ఆఫీసరు నవ్వాడు. "బదిలీ తప్పించుకోవడానికి ఇంతటి కుక్కను అంతమాట అనకండి."

"నిజం సార్. కొమురెల్లీ, జర నువ్వు చెప్పు."

కొమురెల్లి ముందుకు వచ్చాడు. "నేనే తెచ్చిన సార్. దీని నాయిన చొప్పదండి పొలాలల్ల తిరుగుతడు. నేను ఎరుగుదు."

"ఎలా నమ్మమంటావు?"

"సూస్తె కనవడ్తలేదా సార్?"

ఆఫీసరు కాగితం ఎత్తి చూపించాడు. "ఆ పొలం కుక్క పేరు ఇందులో ఉందా?"

కొమురెల్లి శ్యాంసుందర్‌రావు వైపు చూశాడు. ఇరవై ఏళ్ళుగా శ్యాంసుందర్‌రావు రైతులను అడుగుతూ వచ్చిన ప్రశ్న ఇది. దానికి ఏ రైతూ జవాబు చెప్పిన గుర్తు ఆయనకు లేదు.

"లేదు సార్," అన్నాడు శ్యాంసుందర్‌రావు.

ఆఫీసరు జీపు బానెట్టు మీద బదిలీ కాగితం పెట్టి సంతకం చేసి, కుక్క తల నిమిరి వెళ్ళిపోయాడు.

జరిగింది చెబుతూ శ్యాంసుందర్‌రావు రాసిన ఉత్తరం అందగానే రాజేశ్వర్‌రావు బుధవారం నాడు అసలు జాతికుక్కను వెంటబెట్టుకుని ఆఫీసుకే వచ్చాడు. నిటారు చెవులు, నల్లని వీపు, అచ్చం అంబదాస్ పుస్తకంలోని పన్నెండో బొమ్మ. ఆఫీసరు దాన్ని పైనుంచి కింది దాకా చూసి, "కాగితం ఏది?" అన్నాడు.

"గా కాయితం దీనిదే సార్. బావ ఇంట్ల ఉన్నది."

"అది ఇంకో కుక్కది. నేను చదివాను," అన్నాడు ఆఫీసరు జాలిగా. "ఊరకుక్కయినా బాగా మేపారు. ఇలాంటివి ఏ ఎండకైనా తట్టుకుంటాయి." అంబదాస్ పన్నెండో పేజీ ఒకసారి, కుక్కను ఒకసారి చూసి, పుస్తకం మూసి బల్లసొరుగులో పెట్టాడు.

సరళాదేవి ముందే చెప్పినట్టు పెద్దపల్లిలోనే ఉండిపోయింది. శ్యాంసుందర్‌రావు ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, కుక్క, దాని కాగితంతో బయలుదేరాడు. బోథ్‌లో బస్సు ఆగగానే కుక్క ముందుగా కిందికి దూకి, అడవి వైపు ఒక నిమిషం ఎంతో కుతూహలంగా చూసింది.

తర్వాత వెనక్కి తిరిగి బస్సెక్కింది.