పదికి పది వచ్చిన ఖాళీ స్థలం

“ఈ నగరంలోని పదకొండు చారిత్రక కట్టడాలను మా ప్రభుత్వం కంటికి రెప్పలా కాపాడుతోంది. వచ్చే శనివారం నుంచి గైడు వెంట తిరిగి, వాటిని కళ్లారా చూసి తరించండి” అని పాత కట్టడాల శాఖ మంత్రిగారు సముద్రపు ఒడ్డున వేదిక మీద నుంచి ప్రకటించారు. గాలికి మైకు ఊగింది గానీ మంత్రిగారు ఊగలేదు. ఆ గైడును నేనే. తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉన్నాను కాబట్టి శాఖవారు నన్ను కూడా ఒక పాత కట్టడంగానే చూస్తారు.

శుక్రవారం ట్రయల్ టూరు జరిగింది. ముందు మంత్రిగారు, పక్కన మా డైరెక్టరుగారు, వెనక మైకు పట్టుకుని నేను. లైట్‌హౌసు బాగానే ఉంది. తంతి ఆఫీసు ముందు వైపు బాగుంది. లిస్టు ప్రకారం మూడోది నూట నలభై ఏళ్ల నాటి ఐసు గోదాము. తీరా వెళ్లి చూస్తే అక్కడ రెండు లారీలు, ఆరబెట్టిన వలలు ఉన్నాయి.

“గోదామేదయ్యా?” అన్నారు మంత్రిగారు.

“ఇదే సార్” అన్నారు డైరెక్టరుగారు, తడుముకోకుండా.

“నాకు కనపడదేం?”

“కూలి పాతికేళ్లయింది సార్. లిస్టు అంతకు ముందుది.”

మంత్రిగారు లారీల వంక కాసేపు చూశారు. “అయితే బోర్డు పెట్టించండి, ఇక్కడ ఉండేది అని. జనం ఊహించుకుంటారు. ప్రజల ఊహాశక్తిని పెంచడం కూడా మన బాధ్యతేగా.”

అలాంటివి మొత్తం నాలుగు తేలాయి. నాలుగింటికీ ఇత్తడి బోర్డులు పెట్టి, చుట్టూ గొలుసులు కట్టారు. నిలబడి ఉన్న ఏడింటికి బోర్డులు మిగల్లేదు. అవి ఎలాగూ కనపడుతున్నాయి కదా అన్నారు.

ఆ ఏడింటిలో ఒకటి పాత కస్టమ్స్ ఆఫీసు. దాని మేడ మీద గదిని శాఖ దగ్గర అద్దెకు తీసుకుని మా పెద్దమ్మ ముప్ఫై ఏళ్లుగా కుట్టు బడి నడుపుతోంది. ఆరు మిషన్లు, పద్దెనిమిది మంది ఆడపిల్లలు. మా అమ్మ పోయాక నా చదువు, తిండి ఆ మిషన్ల మీదే నడిచాయి. ఇప్పుడా గది దూలం పగిలింది. వాన పడితే ఆరో మిషను జరిపి అక్కడ బక్కెట్టు పెట్టి, అయిదు మిషన్లతోనే పాఠం చెబుతుంది. నా ఖర్చుతో నేనే బాగు చేయించుకుంటానని అర్జీ పెట్టుకుంటే, చారిత్రక కట్టడంలో మేకు కొట్టినా నేరమేనని శాఖ జవాబిచ్చింది.

“ఒరేయ్, మీ ఆఫీసులో ఒక్క మాట చెప్పలేవా?” అంది పెద్దమ్మ.

“చూస్తాను పెద్దమ్మా.”

“చూస్తాను చూస్తాను అంటూనే ఉన్నావు. నీ చూపు బాగానే ఉందా?”

మూడు నెలలకి తనిఖీ కమిటీ దిగింది. ఛైర్మనుగారు మితభాషి. ఆయన ఫారం అంతకంటే మితభాషి. అందులో ఉన్నది ఒక్కటే ప్రశ్న: గతసారి తీసిన ఫోటోకీ ఇప్పటికీ కట్టడంలో మార్పు ఉందా? లేకపోతే పదికి పది.

లైట్‌హౌసులో మెట్టు ఊడింది, ఆరు మార్కులు. తంతి ఆఫీసు గోడలో మొక్క మొలిచింది, నాలుగు. కస్టమ్స్ ఆఫీసు దూలంలో పగులు బెత్తెడు పెరిగింది, రెండు. గోదాము దగ్గర ఛైర్మనుగారు ఫోటో చూశారు, స్థలం చూశారు, మళ్లీ ఫోటో చూశారు. అందులోనూ ఖాళీ, ఇక్కడా ఖాళీ. పదికి పది వేశారు. అలాంటి నాలుగూ కలిసి నలభైకి నలభై కొట్టేశాయి.

మర్నాడు డైరెక్టరుగారు మీటింగు పెట్టారు. “లేనివి మన పరువు నిలబెట్టాయి. ఉన్నవి తీస్తున్నాయి. వీటిని కూడా ఆ స్థాయికి తీసుకురావాలి” అన్నారు. మంత్రిగారు ఫోనులోనే భేష్ అన్నారు. అందరికంటే వెనకబడ్డవాళ్లకి ముందు చేయూతనివ్వాలి కాబట్టి పైలట్ ప్రాజెక్టుగా కస్టమ్స్ ఆఫీసును ఎంపిక చేశారు.

నోరు తెరిచాను. డైరెక్టరుగారు నా వైపు తిరిగి, “అన్నట్టు నీ పర్మనెంటు ఫైలు నా టేబుల్ మీదే ఉందోయ్. ఈ ప్రాజెక్టుకి పదికి పది వచ్చిన రోజున సంతకం పెడతాను” అన్నారు. ఎలాగూ తెరిచిన నోరు కదా అని థాంక్స్ చెప్పాను.

వారం తిరక్కుండా పెద్దమ్మకి ఉత్తరం వచ్చింది. ‘మీ అర్జీ పరిశీలించడమైనది. దూలం సమస్య శాశ్వతంగా పరిష్కరించబడును. సామాను తీసి సహకరించగలరు.’

“చూశావా, తొమ్మిదేళ్లలో నీవల్ల కానిది నా అర్జీ చేసింది” అని పెద్దమ్మ నా నోట్లో ఇంత పంచదార పోసింది. శాశ్వతంగా అంటే ఏమిటో నాకు తెలుసు. అయినా చెప్పలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. శాఖ మీద గౌరవం మాత్రం ఇసుమంత కూడా తగ్గలేదు.

సోమవారం పొద్దున్నే సమస్యను పరిష్కరించడానికి రెండు పొక్లెయిన్లు వచ్చాయి. పిల్లలు అప్పటికే మిషన్లు కిందికి దింపారు. వచ్చినవాళ్లు దూలం మార్చేవాళ్లనుకుని పెద్దమ్మ మంచినీళ్లు కూడా ఇచ్చింది. మొదటి గోడ పడ్డాక తిన్నగా డైరెక్టరుగారి దగ్గరికి వెళ్లింది.

“ఏమండీ, ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా?”

డైరెక్టరుగారు ఫారం అటూ ఇటూ తిప్పి చూశారు. “ఎలుకల గురించి ఇందులో కాలమ్ లేదమ్మా.”

సాయంత్రానికి దూలం సమస్య తీరిపోయింది. డైరెక్టరుగారు దగ్గరుండి నేల ఊడ్పించి, చుట్టూ గొలుసు కట్టించి, ఫోటో తీయించారు.

ఆ శనివారం టూరుకి జనం బాగా వచ్చారు. “అదిగో, మేడ మీద మూడో గది” అని నేను గాలిలోకి చెయ్యి చూపిస్తే అందరూ తలెత్తారు. గాలీ వెలుతురూ బాగున్నాయని ఒకాయన మెచ్చుకున్నాడు.

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మంగళవారానికల్లా పెద్దమ్మ గొలుసు దాటి, సరిగ్గా తన గది ఉండే చోటికి కింద కుర్చీ, ఒక మిషను వేసుకుని కూర్చుంది. “ఈ నెల అద్దె కట్టాను. నెలాఖరు దాకా ఇది నా గదే” అంది. పద్దెనిమిది మందిలో నలుగురు వచ్చారు. బడి మళ్లీ మొదలైంది.

కమిటీ కూడా మళ్లీ వచ్చింది. ఛైర్మనుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “ఇక్కడ చాలా మార్పు కనిపిస్తోందే. పోయినసారి భవనం ఉంది.”

“కట్టడమే లేనప్పుడు కట్టడంలో మార్పు ఎలా వస్తుంది సార్?” అన్నారు డైరెక్టరుగారు.

ఛైర్మనుగారు ముందుకొచ్చి ఆయనకి షేక్‌హ్యాండ్ ఇచ్చారు. ముప్ఫై రెండేళ్ల సర్వీసులో ఇంత స్వచ్ఛమైన తర్కం వినలేదన్నారు. ఇక నుంచి ఈ స్థలానికి పాత ఫోటో చెల్లదని, డైరెక్టరుగారు తీయించిన కొత్త ఫోటోయే ప్రమాణమని రాశారు. తర్వాత ఆ కొత్త ఫోటో ఎత్తి పట్టుకుని చూశారు.

“ఇందులో కుర్చీ లేదు. మిషను లేదు. ఆ పెద్దావిడ కూడా లేరు. రేపు పొద్దున వస్తాం. ఫోటోలో ఉన్నట్టు ఉంటే పదికి పది.”

డైరెక్టరుగారు నా వంక చూశారు, అంతే.

నేను గొలుసు దాటి వెళ్లాను. పెద్దమ్మ ఒక పిల్లకి కాజా కుట్టడం చూపిస్తోంది.

“పెద్దమ్మా, అటు ఫుట్‌పాత్ మీద నీడ బాగుంటుంది.”

“నా నీడ సంగతి చూడ్డానికి వచ్చావా?”

నేను డైరెక్టరుగారి వైపు చూశాను. ఆవిడ కళ్లజోడు పైనుంచి నా మొహం చూసింది.

“నేను లేస్తే నీ ఉద్యోగం పర్మనెంటు అవుతుందన్నారా?”

“అవుతుందట.”

దారం కొరికి, సూది డబ్బాలో పెట్టి, పెద్దమ్మ లేచింది. “అయితే మిషను అటు పట్టుకో. మెల్లగా. దీని కాలు విరిగితే మళ్లీ అర్జీ పెట్టుకోవాలి.”

నాలుగు తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున స్థలం అద్దంలా ఉంది. నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మైకు పట్టుకుని మధ్యలో నిలబడ్డాను. డైరెక్టరుగారి చంకలో నా ఫైలు ఉంది. ఛైర్మనుగారు నాలుగు మూలలూ చూసి, తృప్తిగా పెన్ను మూత తీశారు. ఫోటో చూశారు. నన్ను చూశారు. మళ్లీ ఫోటో చూశారు.

“ఈయనెవరు?”

“మా గైడు సార్.”

“ఫోటోలో లేడే.”

డైరెక్టరుగారు నాకు గొలుసు వైపు చెయ్యి చూపించారు. మైకు కింద పెట్టి వెళ్లబోతే, “అది కూడా తీసుకెళ్లు” అన్నారు.

తీసుకుని గొలుసు దాటాను. ఫుట్‌పాత్ మీద పెద్దమ్మ తన కుర్చీ కాస్త పక్కకి జరిపి నాకు చోటిచ్చింది.