కారే కప్పూ, నా ఆదివారాలూ

మా ఇంటి కప్పు కారడం మొదలైన రోజున పైకి విచారంగా ముఖం పెట్టాను గానీ, లోపల మాత్రం గ్వాదలూపే మాతకు ఒక కొవ్వొత్తి మొక్కుకున్నాను. ఎందుకో చెబుతాను, నవ్వకండి.

పెళ్ళయిన నాటినుంచి ఆదివారం భోజనం మా అత్తగారు దోన్యా ఎఫ్రోసీనా ఇంట్లోనే. మోలే కూర అద్భుతంగా వండుతుంది, కాదనను. కానీ కూరతోపాటు తన కడుపులోంచి తీసిన రాయి కథ కూడా వడ్డిస్తుంది. “ఎంత రాయనుకున్నావు అల్లుడూ” అనే చోటికొచ్చేసరికి నా గొంతులో ముద్ద ఆగిపోతుంది. మొదట శనగగింజంత ఉండే ఆ రాయి, ఇప్పుడు కోడిగుడ్డును దాటింది.

అలాంటి సమయంలో జూన్ వానలు దిగాయి. మా భోజనాల బల్ల మీద టపటపా చుక్కలు పడ్డాయి.

“మేస్త్రీని పిలుద్దాం” అంది మా ఆవిడ ఒబ్దూలియా.

“తొందరపడకు. చుక్క ఇక్కడ పడిందని కన్నం సరిగ్గా దీనిపైనే ఉండాలని లేదు. స్లాబులో నీళ్ళు ఎటు పడితే అటు నడుస్తాయి. ముందు అవి ఎక్కడ దిగుతున్నాయో కనిపెట్టాలి. అదొక శాస్త్రం.”

“ఆ శాస్త్రం ఎప్పుడు మొదలుపెడతావు?”

“ఆదివారం.”

“మిగతా రోజుల్లో నీళ్ళకు సెలవా?”

“నాకు ఆఫీసు.”

ఒబ్దూలియా నావంక ఒకసారి చూసి, బల్ల మీద బకెట్టు పెట్టింది. ఆదివారం ఒక్కతే పుట్టింటికి వెళ్ళింది.

నేను మేడెక్కాను. సాయానికి మా వీధి స్నేహితుడు నట్టుబోల్టు నికానోర్‌ను పిలిచాను. చేతిలో ఎప్పుడూ పానా ఉంటుంది కాబట్టి వీధిలో వాడికా పేరు. దానితో వాడు సీసా మూతలు తప్ప ఇంకేమీ విప్పగా ఎవరూ చూడలేదు. నల్ల ట్యాంకు పక్కన నా బీచి గొడుగు ఉంది. ఏప్రిల్‌లో అకపుల్కో నుంచి తెచ్చి, స్లాబులో ఇనుప గొట్టం దిగ్గొట్టి నేనే నిలబెట్టాను. దాని కింద రెండు కుర్చీలు, రేడియోలో ఫుట్‌బాల్, చల్లటి బీరు. పరిశోధన శ్రద్ధగా సాగింది.

“ఏం తేలింది?” అంది సాయంత్రం తిరిగొచ్చిన ఒబ్దూలియా.

“ట్యాంకు మీద అనుమానంగా ఉంది.”

తరవాతి ఆదివారం అనుమానం బట్టల తీగ స్తంభం మీదికి మళ్ళింది. ఆపై ఆదివారం, మేడ మీద కాపలా ఉండే కుక్క మీదికి. నా వాటా మోలే మాత్రం డబ్బాలో ఇంటికే వచ్చేది, రాయి లేకుండా. మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

“బావా, ఈ కన్నం దొరక్కూడదు” అన్నాడు నాలుగో ఆదివారం నికానోర్, ఎంతో భక్తిగా.

“మనం వెతుకుతున్నంత కాలం దొరకదులే” అన్నాను.

ఆ మాట అన్నానో లేదో, మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఒబ్దూలియా. చేతిలో పెద్ద కూజా నిండా జమైకా అనే మందార జాతి పువ్వుల షర్బత్, రక్తంలా ఎర్రగా.

“పుట్టింటికి వెళ్ళలేదా?”

“ఈ వారం పుట్టిల్లే ఇక్కడికొచ్చింది.”

నాకేమీ అర్థం కాకపోయినా, అలవాటుగా గ్లాసు చాపాను.

“నీకు కాదయ్యా” అని, కూజాను గొడుగు మొదట్లో, నేను దిగ్గొట్టిన గొట్టం చుట్టూ గుమ్మరించింది. షర్బత్ ఎక్కడా నిలవలేదు. గొట్టం పక్క సందులోంచి గుటగుటా దిగిపోయింది. నికానోర్ పానా జేబులో పెట్టుకుని ఆకాశం చూడసాగాడు.

కాసేపటికి కింద భోజనాల బల్ల దగ్గరినుంచి దోన్యా ఎఫ్రోసీనా గొంతు వినిపించింది.

“దిగిందే ఒబ్దూలియా. రంగు బాగానే ఉంది గానీ, చక్కెర తక్కువేశావు.”

ఇన్ని ఆదివారాలూ నేను ఆ కన్నం పక్కనే కాళ్ళు చాపుకుని కన్నం కోసం వెతికాను.

“శాస్త్రం తేలింది కదా, ఇక పనిలోకి దిగు” అంది మా ఆవిడ.

దిగాను. గొట్టం పీకి, కన్నం చుట్టూ చెక్కి, సిమెంటు కూరి, పైన ఎర్ర వాటర్‌ప్రూఫ్ రంగు రెండు పూతలు పూశాను. తల్లీకూతుళ్ళు నా కుర్చీల్లోనే కూర్చుని నా చేత పని చేయించారు. పని ముగిసేలోపు మబ్బు విడి, దూరాన అగ్నిపర్వతం కనిపించింది. అదే నా కొంప ముంచింది.

“ఎంత చల్లటి గాలే ఇక్కడ” అంది అత్తగారు. “మీరు అంత దూరం రావడమెందుకు? ఇకనుంచి ప్రతి ఆదివారం నేనే వస్తాను. అల్లుడికి ఈ మేడంటే ప్రాణం కదా.”

ఇప్పుడు నా గొడుగు సిమెంటు పోసిన డబ్బాలో నిలబడుతోంది. దాని నీడలో ఆవిడ, ఎండలో నేను. నికానోర్ గాడు సిగ్గులేకుండా వచ్చి, మోలే రెండోసారి వడ్డించుకుని, “ఆ రాయి ఎంత ఉంటుందండీ” అని అడుగుతాడు. ఆవిడ రెండు చేతులూ చాపి చూపిస్తుంది.

వాన పడిన ప్రతి రాత్రీ భోజనాల బల్ల దగ్గర తలెత్తి కూర్చుంటున్నాను. ఒక్క చుక్క పడితే చాలు, మళ్ళీ వెతకడానికి ఒంటరిగా పైకెళ్ళొచ్చు. ఆగస్టు అంతా కుండపోత. కప్పు పొడిగా ఉంది. పుట్టి బుద్ధెరిగాక నేను బాగుచేసినవాటిలో బాగుపడింది ఇదొక్కటే.