పిక్చర్ ట్యూబు కోపం చల్లారేదాకా

ప్రతి ఇంట్లోనూ మనిషిని చంపగల వస్తువు ఒక్కటైనా ఉండాలని నా నిశ్చితాభిప్రాయం.

కంగారు పడకండి! గ్యాస్ సిలిండర్ గురించి కాదు. దానికి మనం ఎప్పుడో అలవాటు పడిపోయాం. గీజరంటే అసలు గౌరవమే లేదు. నేను చెప్పేది పాతకాలపు కంప్యూటర్ గురించి. ముందు అద్దం, వెనక పెద్ద పొట్ట, ఆ పొట్టలో పిక్చర్ ట్యూబు. ప్లగ్గు పీకేసినా సరే, లోపల వేల వోల్టులు దాచుకుని ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. చూసినవాడికి తెలియదు. ముట్టుకున్నవాడికే తెలుస్తుంది.

ఇంతకన్నా గొప్ప గురువు ఈ కాలంలో ఎక్కడ దొరుకుతాడు చెప్పండి?

అసలు మనకు ఆగడం వచ్చా? లిఫ్టు బటన్ ఒకసారి నొక్కితే అది నమ్మదేమోనని ఏడుసార్లు నొక్కుతాం. రైల్వే గేటు పడితే బండిని పక్కకు వంచి కిందినుంచి దూరతాం. ముప్పై సెకన్ల వీడియోను రెండింతల స్పీడులో చూస్తాం. పెళ్లిలో అక్షింతలు వేయకముందే భోజనాల దగ్గర కుర్చీ పట్టుకుంటాం. కుక్కర్ ఆవిరి దిగకముందే మూత మీద చెయ్యి వేస్తాం. అంత తొందరపడి మిగుల్చుకున్న టైముతో ఏం చేస్తామయ్యా అంటే, ఇంకో వీడియో చూస్తాం!

ఇలాంటి మనల్ని ఆపగలిగింది ఆ డబ్బా ఒక్కటే. నన్ను ఆపింది. ఎలాగో చెబుతాను.

నా పేరు యజ్ఞనారాయణ. బొగ్గు గనుల డ్రాయింగు సెక్షన్‌లో ముప్పై నాలుగేళ్లు మ్యాపులు గీసి రిటైరయ్యాను. భీమవరం వైపు నుంచి ఉద్యోగానికని గోదావరిఖని వచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకుని ఉండిపోయాను. మా ఆవిడ బాలాత్రిపురసుందరి. పూర్తి పేరు పెట్టి పిలిస్తే, పిలుపు పూర్తయ్యేలోపే ఆవిడ వచ్చి, సంగతి కనుక్కుని, వెళ్లిపోతుంది కూడా. అందుకని సుందరి అంటాను.

ఇరవై ఎనిమిదేళ్ల కిందట నేనొక కంప్యూటర్ కొన్నాను. చిన్న టీవీలాంటి ఒకే డబ్బాలో మొత్తం కంప్యూటర్. దాని మీద ఒక నవల రాశాను. అది అచ్చు కాలేదు. 'రెండు వందల పేజీల నవల, కంప్యూటర్‌లో ఉండిపోయింది' అని అప్పటినుంచీ కనబడినవాళ్లందరికీ చెబుతున్నాను. మొన్న మే నెలలో మా ఊరి రచయితల సంఘం వాళ్లు నిజంగానే వచ్చి, "సార్, ఆ నవల ఇయ్యుండ్రి, పుస్తకం వేద్దాం" అన్నారు. అందరూ వినాలని చెప్పే మాటను ఎవరైనా నిజంగా వింటే ఎంత ఇబ్బందో అప్పుడు తెలిసింది.

అటక మీదినుంచి డబ్బాను దింపి ఆన్ చేశాను. గుర్రుమంది. లోపల ఏదో తిరిగింది. బొమ్మ మాత్రం రాలేదు.

మర్నాడు పొద్దున టిఫినవగానే హాల్లో చాప పరిచి, డబ్బాను బోర్లించి, ఫోన్‌లో రిపేరు వీడియో పెట్టాను. అందులో 'ముందుగా తీసుకోవాల్సిన జాగ్రత్తలు' అని ఒక భాగం ఉంది. దాన్ని దాటించేశాను. జాగ్రత్తలనేవి తెలియనివాళ్లకు కదా!

సుందరి వచ్చి చూసింది. నాకు చెప్పి లాభం లేదని ఆవిడ అనుభవం. వంటింట్లోకి వెళ్లి సదయ్యకు ఫోన్ చేసిందని నాకు తర్వాత తెలిసింది. "మా ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకున్నారు, కాస్త వస్తారా?" అందట.

నేను వెనక డొప్ప ఊడదీసి, లోపలికి చెయ్యి పెట్టబోతున్నాను. గుమ్మంలోంచి కేక వినబడింది.

"సారూ! చెయ్యి దియ్యుండ్రి! జల్ది దియ్యుండ్రి!"

సదయ్య మా వెనక వీధిలో ఉంటాడు. భూగర్భ గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు ఇంటి దగ్గరే టీవీలు, మిక్సీలు బాగుచేస్తుంటాడు. చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వచ్చేశాడు.

"ప్లగ్గు పీకేశాను సదయ్య గారూ" అన్నాను, తెలివైనవాడి ముఖం పెట్టి.

"పీకితే ఏంది? నిన్న ఆన్ చేసిన్రా, లేదా?"

"చేశాను."

"గట్లయితే నిన్నటి కోపం ఇంక లోపట్నే ఉంటది. మీరు చెయ్యి వెడితే మొత్తం మీకే ఇస్తది."

నన్ను చాప మీదినుంచి లేపి అవతల సోఫాలో కూర్చోబెట్టాడు. తన చేతి గడియారం విప్పాడు. కడియం తీసి కిటికీలో పెట్టాడు. చెప్పులు వేసుకునే ఉన్నానా లేదా అన్నట్టు ఒకసారి కాళ్లు చూసుకున్నాడు. సంచిలోంచి పొడుగాటి స్క్రూడ్రైవర్ తీశాడు. దాని పిడికి మందంగా రబ్బరు ఉంది. రెండు కొసలా క్లిప్పులున్న వైరు తీసి, ఒక క్లిప్పు ట్యూబు చుట్టూ ఉన్న ఇనుప పట్టీకి, రెండోది స్క్రూడ్రైవర్ కడ్డీకి పెట్టాడు. అప్పుడు ఎడమ చెయ్యి వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఆ చెయ్యి ఎందుకు వెనక్కి?"

"రెండు చేతులు లోపల వెడితే, కరెంటు గీ చేతిలకెల్లి గా చేతిలకు పోతది సారూ. నడుమ గుండె ఉంటది."

నేను నా రెండు చేతులకేసీ చూసుకున్నాను. పావుగంట కిందట రెండూ ఆ డబ్బా మీదే ఉన్నాయి.

ట్యూబు పైన అరచేతిలో సగమంత గుండ్రటి రబ్బరు మూత ఒకటి ఉంది. దాని అంచు కిందికి స్క్రూడ్రైవర్ కొనను మెల్లగా జరిపాడు. టప్పుమంది! నీలంగా మెరిసింది. వంటింట్లో గరిటె కింద పడింది. నేను సోఫాలో ఉన్నచోటనే ఒక జానెడు లేచాను.

"అమ్మయ్య, అయిపోయింది" అంటూ చాప మీదికి దిగబోయాను.

"కూసోండ్రి. ఐదు నిమిషాలు ఆగి మల్లొక్కసారి చెయ్యాలె."

"ఇందాక టప్పుమంది కదా?"

"ఒక్కసారికి ఒడువది. లోపల ఇంత మిగుల్తది, అది మెల్లగ మల్ల జమైతది."

పాఠకులారా, ఆ ఐదు నిమిషాల్లో నేను "ఇంకెంతసేపు?" అని నాలుగుసార్లు అడిగాను. ప్రాణం నాది! దాన్ని కాపాడుతున్నవాణ్ణి తొందరపెడుతున్నది నేనే! సదయ్య విసుక్కోలేదు. రెండు అరచేతులూ నాకేసి తిప్పి చూపించాడు.

"ముప్పై రెండేండ్లు డ్యూటీ చేసిన సారూ. ఫస్టు షిఫ్టుల మా ఉస్తాద్ ఒకటే మాట చెప్పిండు. కరెంటు బందు వెట్టినంక చూడు, చూసినంక మల్లొకసారి చూడు. లెక్కవెట్టుకోండ్రి, పది వేళ్లున్నయ్."

నిజమే, పదీ ఉన్నాయి. నల్లగా, మొద్దుగా, గోళ్లలో ఎన్నటికీ పోని బొగ్గుతో.

రెండోసారి చిన్నగా చిటుక్కుమంది. మూడోసారి ఏ చప్పుడూ లేదు. అప్పుడుగానీ వెనక చేతిని ముందుకు తేలేదు. లోపల బోర్డు మీద ఒకచోట టంకం వదిలి, సన్నటి పగులు పడింది. కొత్త టంకం పెట్టాడు. అంతే రోగం! అరగంటలో డొప్ప తొడిగి, ప్లగ్గు పెట్టి, "ఇగ ఆన్ చెయ్యుండ్రి" అన్నాడు.

గుర్రుమంది. అద్దం మధ్యలో చిన్న వెలుగు పుట్టి తెరంతా పరుచుకుంది. నవల తెరిచాను. 'మొదటి అధ్యాయం' అని కనబడింది. నాకు కళ్లు చెమర్చాయి. సుందరి కూడా కొంగుతో కళ్లు ఒత్తుకుంది, ఉల్లిపాయల వల్ల అని తర్వాత చెప్పింది.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

మే నెల. మధ్యాహ్నం పన్నెండు. గోదావరిఖని. ఫ్యాన్ ఆగింది, కూలర్ ఆగింది, నా నవల ఆరిపోయింది. నా చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి వెళ్లింది. మా ఏరియా లైన్‌మన్ బిక్షం నంబరు నా ఫోన్‌లో గుండె డాక్టరు నంబరుకంటే పైన ఉంటుంది.

"ఎవలికి సారూ?" అన్నాడు సదయ్య.

"బిక్షంకి. ఎంతసేపో అడుగుదామని."

"గాడు మా చెల్లె కొడుకు."

నాకు తెలియదు. ఫోన్ పట్టుకున్న చెయ్యి అలాగే ఆగింది.

"గిప్పుడు స్తంభం కాడ ఉంటడు. నేను గీ డబ్బకు చేసిన పనే, గాడు గా తీగకు చెయ్యాలె. లైన్ బందు వెట్టియ్యాలె, సూసుకోవాలె, తీగను భూమికి కలపాలె, గప్పుడు చెయ్యి వెట్టాలె. మీరందరు ఫోన్లు కొడ్తరు. ఫోన్ మోగుతాంటే మనిషికి నిలకడుండది సారూ. ఏదో ఒకటి ఇడిసిపెట్టి ఎక్కుతడు."

సదయ్య సంచిలో సామాన్లు సర్దుకుంటూనే మాట్లాడాడు. గొంతు పెంచలేదు.

"పోయిన నెల గట్లనే ఎక్కిండు. భుజం కాలింది. దవాఖానల వాని ఫోన్ నా తాననే ఉండె. నలభై ఒక్క ఫోన్లు ఉన్నయ్ సారూ అండ్ల, గంటల."

పోయిన నెల ఆ సాయంత్రం నాకు బాగా గుర్తుంది. ఆ నలభై ఒకటిలో ఆరు నావి. ఆ ఫోన్‌లో నా పేరు కనబడిందా అని నేను అడగలేదు. కనబడిందని అతను చెప్పలేదు. "కరెంటొచ్చినంక ఏమన్న ఉంటే పిలువుండ్రి" అని, కడియం తొడుక్కుని వెళ్లిపోయాడు.

అదిగో, అప్పుడు నేను మారిపోయాను! ఫోన్‌లలో కూడా పిక్చర్ ట్యూబులు పెట్టాలని నాకు ఆ క్షణంలో తోచింది. లైన్‌మన్‌కు రెండోసారి ఫోన్ చేసినవాడి చెవిలో టప్పుమనాలి. మూడోసారికి నీలంగా మెరవాలి. ఇలాంటి ఫోన్ తయారుచేసిన కంపెనీకి ఏ అవార్డైనా ఇవ్వొచ్చు.

వెంటనే మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను. 'మిత్రులారా, లైన్‌మన్ ప్రాణాలకు తెగించి పని చేస్తున్నాడు. దయచేసి ఎవరూ ఫోన్ చేయకండి. ఆయనకు కావలసిన టైము ఇద్దాం.' చదువుకుంటే నాకే ఒళ్లు పులకరించింది.

ఎదురింటి సంతోషి వెంటనే అడిగింది: 'అంకుల్, మీ ఇంట్ల ఇన్వర్టర్ ఉన్నదా?' మూలమీది కిరాణా షాపు వేణుమాధవ్, 'నేను తొమ్మిదిసార్లు చేసిన, ఎత్తుతలేడు, ఇంకెవలన్న ట్రై చెయ్యుండ్రి' అన్నాడు. వీధి చివరింటి సమ్మవ్వ వాయిస్ మెసేజ్ పంపింది. "ఓ సారూ, మా కోడలు బాలింత. పసిపిల్ల ఉడికిపోతాంది. మీ నీతులతోని చల్లవడ్తదా?"

సమ్మవ్వదీ న్యాయమే. బిక్షందీ న్యాయమే. మధ్యలో చెమటతో తడిసిన నా బనియనుదీ న్యాయమే!

సుందరి క్యాలెండరుతో విసురుకుంటూ వచ్చింది. "ఏమండీ, ఒక్కసారి చేసి చూడండి. ఒక్కసారికి ఏమవుతుంది?"

"ఆ నలభై ఒక్క ఫోన్లూ ఒక్కసారే కదా అనుకుని చేసినవే సుందరీ!" అన్నాను. ఎంత బాగా అన్నానో!

ఒంటిగంట దాటాక కరెంటు వచ్చింది. కంప్యూటర్ ఆన్ చేశాను. నవల మొత్తం భద్రంగా ఉంది. పదకొండు పేజీలు. పన్నెండో పేజీలో 'రెండో అధ్యాయం' అని రాసి ఉంది, దాని కింద ఏమీ లేదు. ఇన్నేళ్లుగా నేను చెబుతున్న మిగతా పేజీలు ఎక్కడివో ఆలోచిస్తూ కాసేపు కూర్చున్నాను.

ఈలోగా గ్రూపు మోగిపోతోంది. 'నేను గట్టిగ మాట్లాడినంకనే వచ్చింది' అన్నాడు వేణుమాధవ్. 'నేను ఆఫీసుకు కొట్టిన, గందుకే వచ్చింది' అని ఇంకొకరు. ఐదుగురు తెప్పించారు కరెంటు! బిక్షం స్తంభం దిగాడా అని ఒక్కరూ అడగలేదు. సదయ్యే పెట్టాడు: 'మావోడు కిందికి దిగిండు. మంచిగున్నడు.'

ఇలాంటప్పుడు సమాజానికి దారి చూపాల్సింది రచయితలే కదా? 'ఇంత ఎండలోనూ నేను ఒక్క నిమిషం కూడా అతన్ని డిస్టర్బ్ చేయలేదు' అని రాశాను. సదయ్య నా మెసేజ్ కింద రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు.

ఆ మాట అక్షరాలా నిజం. పన్నెండూ నలభైకి పెరట్లోకి వెళ్లి, సుందరికి కనబడకుండా మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ లైన్ బిజీగా ఉంది.