చుక్క పెట్టిన పీతలు

గురువారం ఉదయం ఆశీర్వాదం వేసుకున్న పథకం చాలా చిన్నది. రేపల్లెలో మొదటి బస్సెక్కి సముద్రప్పాయ దగ్గర దిగడం, జాలర్లు పట్టిన మండపీతల్లో ఎర్రచుక్క ఉన్నవి ఎన్నో చూసుకోవడం, వేళకు తిరిగొచ్చి కాలేజీలో జువాలజీ పాఠం చెప్పడం. శనివారం గైడు పూర్ణచంద్రరావు గారు స్వయంగా వస్తున్నారు. పరిశోధన సాగకపోతే పిహెచ్‌డి రాదు. అది రాకపోతే ఈ టెంపరరీ లెక్చరర్ ఉద్యోగం వచ్చే ఏడాదికి ఉండదు.

పరిశోధన పీతల జనాభా మీద. దసరా సెలవుల్లో అతను తెనాలి బజారులో గోళ్లరంగు సీసాలు కొని, బుట్టెడు పీతల వీపుల మీద చుక్క పెట్టి, మడ అడవి పక్క పాయలో వదిలాడు. తర్వాత పట్టిన వాటిలో పదింటికొకటి చుక్కది దొరికితే, పాయలో ఉన్న పీతలు తను వదిలిన వాటికి పది రెట్లన్నమాట. పుస్తకంలో చదివినప్పుడు ఇంత తేలికైన లెక్క లోకంలో లేదనిపించింది. తీరా క్రిస్మస్ దగ్గరికొచ్చినా ఒక్క చుక్కా కంటబడలేదు. ఆ సూత్రం ప్రకారం పాయలో పీతలకు అంతే లేదు. అంత మాట గైడు ముందు ఎవడంటాడు?

ఆ రోజు కూడా పేరంటాలు తట్టలో అన్నీ వట్టి పీతలే. ఆ పల్లెలో పీతలు కొని రేపల్లెలో అమ్మే మనిషి ఆవిడ. తన పీతలన్నీ చచ్చాయేమోనన్న భయంతో ఆశీర్వాదం అడిగాడు.

"పిన్నీ, నా చుక్క పీతలు ఒక్కటీ పడటం లేదా?"

"పడకేంటండి మేస్టారూ, రోజూ పడతన్నాయి. కళ్లకద్దుకుని నీళ్లల్లో వదిలేస్తన్నాం. అచ్చోసి వదిలిన ఆంబోతు జోలికి పోతామా ఎక్కడన్నా? ఇదీ అంతే గదండి."

తనది మొక్కు కాదు, లెక్క అని ఆశీర్వాదం చెప్పబోతే ఆవిడ చెవిన వేసుకోలేదు. మేస్టారు ఉద్యోగం ఖాయం కావాలని గంగమ్మ తల్లికి మొక్కుకున్నారని పల్లెంతా ఎరుగునట. అది చూసి జాలరి మస్తాన్‌రావు కూడా పడవకు ఇంజను రావాలని ఒక పీతకు చుక్క పెట్టి వదిలాడు. ఇంజను వచ్చింది. అప్పట్నుంచి ఇంటింటా గోళ్లరంగు సీసా దిగింది. గుడ్ల పీతకు పెడితే ఫలితం తొందరగా ఉంటుందని ముందు వాటికే పెడుతున్నారు. ఇక ఏ చుక్క తనదో, ఏది పల్లెదో ఆ గంగమ్మే చెప్పాలి.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, ఈ కబురు పేరంటాలు తట్టతోపాటే రేపల్లె చేరింది. సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి పాస్టరుగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. తాతల నాటి లూథరన్ కుటుంబంలో పుట్టి అమ్మవారికి పీతల్ని మొక్కుకున్నాడని తల్లి రాజమ్మ కళ్లొత్తుకుంటోంది. అది సైన్సని అతను ఎంత మొత్తుకున్నా ఆవిడది ఒకటే ప్రశ్న.

"సైన్సయితే బొట్టెందుకు పెట్టావురా?"

పాస్టరుగారు దీర్ఘంగా ప్రార్థన చేసి, క్రిస్మస్ ఆరాధనలో వాక్యం చదివే పని ఈ ఏడు వేరేవాళ్లు చూసుకుంటారని మెల్లగా చెప్పి వెళ్లారు.

శనివారం పూర్ణచంద్రరావు గారు గట్టున నిలబడి చూస్తుండగా మస్తాన్‌రావు వల లాగాడు. పడ్డవన్నీ చుక్క పీతలే. చుక్క లేనివి ఎప్పటికప్పుడు కూరైపోతుంటే పాయలో మిగిలేవి ఇవే మరి. కొన్నిటికి మూడేసి ఇళ్లవాళ్ల చుక్కలున్నాయి. ఇవన్నీ నువ్వు పెట్టిన చుక్కలేనా అని గైడుగారు అడిగారు. ఇక దాచలేక ఆశీర్వాదం ఆంబోతు మాట నుంచి పాస్టరుగారి ప్రార్థన దాకా ఉన్నదున్నట్టు చెప్పేశాడు. చెబుతుంటే ఏడుపొచ్చింది.

గైడుగారు ఒక పీతను తిప్పి చూశారు. అరచేతిలో పట్టడం లేదు. అవతలి పాయలో ఇంతేసి పీతలున్నాయా అని అడిగితే, అక్కడ పిల్లల్ని కూడా మిగలనివ్వరని మస్తాన్‌రావు చెప్పాడు.

"గుడ్ల పీతల్ని పట్టొద్దని చెబితే ఏ ఊళ్లోనూ విన్నవాడు లేడోయ్. ఇక్కడ నీ చుక్క మాట విన్నారు. పీతలెన్ని అనే లెక్క కొట్టెయ్యి. మొక్కున్న పాయలో ఎలా పెరుగుతున్నాయో, లేనిచోట ఎలా తగ్గుతున్నాయో రాయి. మరో రెండేళ్లు పొడిగించమని నేను సిఫార్సు చేస్తా" అన్నారు.

ఉద్యోగం నిలబడిందన్న సంతోషంతో ఆశీర్వాదం గైడుగారికి రెండు చేతులా నమస్కారం పెట్టాడు. ఇందులో ఆశ్చర్యమేముందన్నట్టు పేరంటాలు సముద్రం వైపు తిరిగి దణ్ణం పెట్టింది.

బస్సెక్కబోతూ గైడుగారు అతన్ని పక్కకు పిలిచి, చుట్టూ చూసి, గొంతు తగ్గించారు.

"డిపార్ట్‌మెంట్ హెడ్‌గా నన్ను వేసే ఫైలు ఎప్పట్నుంచో కదలటం లేదు. ఆ ఇంజను వచ్చిన మాట నిజమేనా?"

సోమవారం ఆశీర్వాదం ఇంకో గుడ్ల పీతకు చుక్క పెట్టి వదిలాడు. సిద్ధాంత వ్యాసంలో దాని ప్రస్తావన లేదు.